సోలార్ డ్రయ్యరు

సోలార్ డ్రయ్యరు అనగా సూర్యరశ్మితో గాలిని వేడిచేసి, ఆ గాలితో పండ్లు, కూరగాయలు మొదలైనవాటిలోని తేమను తొలగించు పరికరము. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో మిద్దెలపై వడియములు, ఒరుగులు ఎండబెట్టుట తరతరాలుగా ఉన్నదే. కాని మిద్దెపై దుమ్ము, ఈగలు, కాకులు, అకాల వర్షము తప్పవు. మూసిన పెట్టెలో ఈ బాధ చాలవరకు తగ్గును.

పనిచేయు విధానము

అద్దము లేదా పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పిన పెట్టెలో నల్లని తలము ఎండను గ్రహించి గాలిని వేడిచేయును. ఆ గాలి జల్లెడ పళ్ళెములలోని ముక్కలను తాకి, తేమను తీసుకొని పైరంధ్రము గుండా వెలుపలికి పోవును. సాధారణముగా 50 నుండి 60 డిగ్రీల సెల్సియస్ వేడి సరిపోవును. అయితే గాలి కదలనిచో ఎంత వేడి ఉన్నను ముక్కలు ఉడుకునే గాని ఆరవు. హైదరాబాదులోని సీడ్ (సొసైటీ ఫర్ ఎనర్జీ, ఎన్విరాన్‌మెంట్ అండ్ డెవలప్‌మెంట్) సంస్థ రూపొందించిన పెట్టెలలో ఇందుకై సౌరవిద్యుత్తుతో తిరుగు ఫ్యానులను వాడిరి.

వాతావరణమును బట్టి

30 డిగ్రీల వద్ద 80 శాతము సాపేక్ష ఆర్ద్రత గల గాలిని 50 డిగ్రీలకు వేడిచేసినచో ఆర్ద్రత సుమారు 28 శాతమునకు దిగును. కనుక నెల్లూరు వంటి తీరప్రాంతములలో కూడ ఎండ ఉన్నంతవరకు ఇది పనిచేయును. రాజస్థాన్ వంటి పొడి ప్రదేశములలో ఆరుబయటనే త్వరగా ఆరును. అక్కడ పెట్టె ముఖ్యముగా ఇసుక నుండి రక్షణకే. ఆప్రికాట్లు ఎండబెట్టు లడఖ్‌లో ఎండ తీవ్రమే గాని గాలి చల్లన, కావున వేడి బయటకు పోకుండ కాపాడుకొనవలెను.

చిత్తూరు ప్రాంతములో

ఇక్కడి చిక్కు వేరు. తోతాపురి మామిడి ప్రధానముగా జూన్, జూలై నెలలలో కోతకు వచ్చును. అప్పటికి నైరుతి మబ్బులు పట్టును. మబ్బు రోజున సగము ఆరిన ముక్కలకు రాత్రి బూజు పట్టును. అందుచేత ముక్కలు పలుచగా కోయుట, కట్టెల పొయ్యి వేడి వంటి రెండవ ఆధారము ఉంచుకొనుట అవసరము.

పెట్టెను దక్షిణమునకు వాల్చవలెనని పుస్తకములలో వ్రాయుదురు. అది ఉత్తరాది దేశముల మాట. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున ఉన్నది. ఏప్రిల్ చివరి నుండి ఆగస్టు నడిమి వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెము ఉత్తరముగానే ఉండును. మామిడి కాలములో వాననీరు జారునంత వాలు చాలును. డిసెంబరులో మాత్రము దక్షిణపు వాలు మేలు.

2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె టమాటా మార్కెట్టుకు ప్రసిద్ధి. ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డుపై పారబోసిన సందర్భములు ఉన్నవి. టమాటాలో సుమారు 94 శాతము నీరే. 100 కిలోలు ఆరబెట్టినచో 6 నుండి 7 కిలోలు మిగులును. చదరపు మీటరు పళ్ళెములో పట్టునవి కొన్ని కిలోలే గనుక, ఇంటి పెట్టె లారీ లోడును కాపాడలేదు. మన వంటలలో ఎండు టమాటా వాడుక తక్కువ. కొనువారిని ముందుగా చూచుకొననిచో శ్రమ వృథా. ఆరిన ముక్కలు చల్లారిన వెంటనే గాలి చొరని డబ్బాలలో పెట్టవలెను. లేనిచో అక్టోబరు, నవంబరు వానల తేమను పీల్చి మెత్తబడును.