గెలిచిందెవరు? ఉండండి, లెక్క వేసి చెబుతాం

డక్‌వర్త్-లూయిస్ లెక్కలతో జుట్టు పీక్కునే మనబోటివాళ్ళకి డండ్రాడ్ కథ తెలియాల్సిందే.

ఉత్తర ఐర్లండులో బెల్‌ఫాస్ట్ దగ్గర పొలాల మధ్య ఇరుకు రోడ్లు. పందెం రోజున వాటినే మూసేసి కార్లు వదిలేవారు. చుట్టు సుమారు 7.4 మైళ్ళు. చిన్న ఇంజన్లకి కాస్త వెసులుబాటిచ్చే హ్యాండికాప్ పద్ధతి. 1950 టూరిస్ట్ ట్రోఫీలో ఏ గొడవా లేదు. వానలో, అరువు జాగ్వార్‌తో స్టిర్లింగ్ మాస్ దూరంలోనూ, హ్యాండికాప్‌లోనూ తనే ఫస్టు. మర్నాడే కుర్రాడికి 21 నిండాయి!

అసలు తమాషా 1954లో. 3 లీటర్ల ఫెరారీలో హాథార్న్, ట్రాంటిన్యాన్ అందరికన్నా ఎక్కువ దూరం వెళ్ళారు. ట్రోఫీ మాత్రం 745 సీసీ డీబీ పానార్డ్‌కి పోయింది. మన మారుతి 800 ఇంజనే దీనికన్నా పెద్దది! పైగా అది ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం. ఫెరారీకి దక్కింది రెండో స్థానమే.

నన్నడిగితే చిన్న కారుకి ఇంకో బహుమతి పెట్టాల్సింది. కంచె పక్కన నిలబడి చూసేవాడికి ముందున్నదెవరో తెలియకపోతే అదేం పందెమండీ? (అప్రైజల్లో 'నార్మలైజేషన్' దెబ్బ తిన్నవాణ్ణి, నా కోపం పూర్తిగా నిష్పాక్షికం కాదు లెండి.)

అయితే లెక్కలో తేడాలు చెరిపినా రోడ్డు మీద చెరగవు కదా. 1955లో దూరాన్నే గెలుపుగా తీసుకున్నారు, మాస్, ఫిచ్‌ల మెర్సిడెస్ నెగ్గింది. కానీ మొదట్లోనే, నెమ్మదిగా పోతున్న ఒక కారుని దాటబోయిన చోట పెద్ద ప్రమాదం జరిగింది. ఇద్దరు పోయారు, తర్వాత ఇంకొకరు. టూరిస్ట్ ట్రోఫీ మళ్ళీ డండ్రాడ్‌కి రాలేదు.