పాలకూ నిమ్మకూ పొత్తు కుదిరిన కథ

వేసవి ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, డి.ఏ. బకాయిల గురించీ పెన్షను లెక్కల గురించీ రాయడానికి నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు, నేను చల్లగా ఏదైనా రాస్తానన్నాను. పాల విభాగంలో 31 సంవత్సరాలు పనిచేసి 2004లో పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక మజ్జిగ గురించి రాస్తాననుకుని ఆయన సంతోషించారు. మజ్జిగ సంగతి చివరలో వస్తుంది. ముందు నేను ఓడిపోయిన ఒక పందెం గురించి చెప్పాలి.

మా చిన్నమ్మాయి కుటుంబం అల్లుడిగారి ఉద్యోగరీత్యా మూడేళ్లపాటు బ్రెజిల్ దేశంలోని సావ్ పావ్లో నగరంలో ఉండి 2016లో తిరిగి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఒక మిట్టమధ్యాహ్నం వేళ అమ్మాయి నాలుగు నిమ్మకాయలు తొక్కతో సహా ముక్కలు కోసి మిక్సీలో వేసింది. అంతవరకు బాగానే ఉంది. తరువాత కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా తెరిచి అందులో పోయబోయింది. మా ఆవిడ గబగబా వంటింట్లోకి వచ్చి, “పాలు విరిచి పిల్లలకు తాగిస్తావుటే?” అని చెయ్యి పట్టుకుంది. “ఏమండీ, మీరైనా చెప్పండి” అని నన్ను పిలిచింది. నేను కుర్చీలోంచి లేవకుండానే, పాలలో నిమ్మరసం పడితే విరగక తప్పదనీ, విరగకపోతే నా పెన్షనులో వంద రూపాయలు ఇస్తాననీ అన్నాను. “అలాగే నాన్నగారూ” అని అమ్మాయి డబ్బా వంచేసింది.

పాలు విరగలేదు. లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన తెల్లటి పానీయం, పైన కాస్త నురుగు, మీగడలాంటి చిక్కదనం. తాగితే ముందు తీపి, వెంటనే పులుపు, ఆఖరున నిమ్మతొక్క వాసన. మనవడు వంద రూపాయలు పట్టుకుపోయాడు.

పోయింది వంద రూపాయలే అయినా నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకంటే పాలు విరగడమనేది నా ఉద్యోగ జీవితంలో చిన్న విషయం కాదు.

పాలలోని ముఖ్యమైన మాంసకృత్తు పేరు కేసీన్. పులుపు పెరిగి పి.హెచ్. 4.6 దగ్గరకు వచ్చేసరికి అది గడ్డకట్టి నీటి నుంచి విడిపోతుంది. మనం నిమ్మరసం పిండి పన్నీరు చేసేదీ, బెంగాలీలు రసగుల్లాకు ఛెనా తీసేదీ ఈ సూత్రం మీదనే. పులుపు బయటినుంచి పడనక్కరలేదు కూడా. ఎండలో నిలవ ఉంటే పాలలోని సూక్ష్మజీవులే పులుపును పుట్టిస్తాయి. అందుకే శీతలీకరణ కేంద్రానికి క్యాన్లు రాగానే లాక్టోమీటరు, వెన్నశాతం సంగతి తరువాత, ముందు ‘మరుగు పరీక్ష’ చేసేవాళ్లం. పరీక్షనాళికలో కొద్దిగా పాలు పోసి వేడినీళ్లలో పెడితే, పులిసిన పాలు నాళిక గోడలకు తరకలుగా అంటుకుంటాయి. అంటుకుంటే ఆ క్యాను తిరస్కరించాలి.

1979 మే నెలలో ఒక ఊరి క్యాన్లు ఆరు వరుసగా ఆ పరీక్షలో విరిగాయి. లారీ టైరు పంక్చరై రెండు గంటలు ఎండలో నిలిచిందని డ్రైవరు చెప్పాడు. నిబంధన ప్రకారం ఆరింటినీ తిరస్కరించి సంతకం పెట్టాను. మర్నాడు ఆ ఊరినుంచి ఒక పెద్దావిడ పాల పుస్తకం చేత పట్టుకుని వచ్చింది. “నా పాలు నా ఇంట్లో విరిగినయ్యా, మీ దోవలో విరిగినయ్యా నాయనా?” అని అడిగింది. రిజిస్టరులో విరిగిన పాలు ఎన్ని లీటర్లో రాసే గడి ఉంది గాని ఎక్కడ విరిగాయో రాసే గడి లేదు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆమె కోప్పడలేదు. పుస్తకం కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆనాటి డబ్బు ఆమెకు అందలేదు.

అందువల్ల విరగని పాలను చూసి నాకు ఆశ్చర్యం కలిగింది. ఆ తరువాత కొన్ని నెలలపాటు దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను.

డబ్బాపాల చరిత్ర మొదలయిందే ఇటువంటి దోవలో. గెయిల్ బోర్డెన్ అనే అమెరికన్, ఓడ ప్రయాణంలో చెడిన పాల వల్ల పసిపిల్లలు చనిపోవడం చూసి ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. గాలి పీడనం తగ్గించిన పాత్రలో పాలను తక్కువ వేడి మీద చిక్కబరిచే పద్ధతికి 1856లో పేటెంటు పొందాడు. పంచదార కలిపి డబ్బాలో మూసిన ఆ పాలు 1861–65 అంతర్యుద్ధంలో సైనికులకు సరఫరా కావడంతో దేశమంతా వ్యాపించాయి. పంచదార ఇక్కడ రుచి కోసం వేసింది కాదు, కాపలాకు వేసింది. అంత చిక్కటి పాకంలో సూక్ష్మజీవులకు అందుబాటులో నీరు ఉండదు. మన ఆవకాయలో ఉప్పు చేసే పనే అక్కడ పంచదార చేస్తుంది.

1866లో చార్లెస్ పేజ్, జార్జ్ పేజ్ అనే అమెరికన్ అన్నదమ్ములు స్విట్జర్లాండులోని చామ్ అనే ఊళ్లో ఆంగ్లో-స్విస్ కండెన్స్‌డ్ మిల్క్ కంపెనీని స్థాపించారు. 1905లో అది నెస్లే కంపెనీతో కలిసిపోయింది. నెత్తిమీద పాలకుండ పెట్టుకున్న పిల్ల బొమ్మ ఉన్న ‘మిల్క్‌మెయిడ్’ డబ్బా మనకందరికీ తెలిసిందే. మన దేశంలో నెస్లేవారి మొదటి ఫ్యాక్టరీ 1961లో పంజాబ్‌లోని మోగాలో మొదలయింది. అంతకు 40 ఏళ్ల ముందే, 1921లో, సావ్ పావ్లో రాష్ట్రంలోని అరారస్ అనే ఊళ్లో బ్రెజిల్ ఫ్యాక్టరీ వచ్చింది. ఇంగ్లీషు పేరు నోరు తిరగక అక్కడి జనం ‘ఆ అమ్మాయి బొమ్మ పాలు’ అని అడిగేవారట. చివరకు కంపెనీ ఆ పేరే ఖాయం చేసింది. పోర్చుగీసులో అమ్మాయిని ‘మోసా’ అంటారు. మనకు మోసంలా వినిపిస్తుంది, ఏం చేస్తాం!

మా అమ్మాయి చేసిన పానీయం పేరు ఆ దేశంలో ‘లిమొనాడా సుయీసా’, అంటే స్విస్ నిమ్మరసం. స్విస్ కంపెనీ డబ్బాపాల వల్ల ఆ పేరు వచ్చిందని సాధారణంగా చెప్పే మాట. కాయను తొక్కతో సహా తిప్పడమే దాని అసలు లక్షణం. డబ్బాపాలు లేకుండా పంచదారతోనే చేసుకునే ఇళ్లు కూడా అక్కడ ఉన్నాయి. తక్కిన దేశాలవారు మాత్రం దాన్ని బ్రెజిల్ నిమ్మరసం అంటారు. మన ‘నిమ్మ’ లాగానే వాళ్ల ‘లిమావ్’ కూడా పచ్చటి చిన్నకాయకే మొదటి హక్కు ఇస్తుంది. పసుపుపచ్చటి పెద్దకాయను సిసిలీ లిమావ్ అని వేరు చేసి చెబుతారు.

ఇప్పుడు గ్లాసులో స్విట్జర్లాండు వాటా ఎంతో చూద్దాం. నిమ్మజాతి పుట్టిల్లు హిమాలయాల ఆగ్నేయ పాదప్రాంతమని, అంటే అస్సాం, ఉత్తర మయన్మార్, చైనాలోని పశ్చిమ యున్నాన్ ప్రాంతమని, 2018లో జన్యుపరిశోధకులు తేల్చారు. మనం వాడే కాగితంలాంటి పలచటి తొక్క గల నిమ్మ ఒక అడవిజాతికీ మాదీఫలానికీ పుట్టిన సంకరం. అరబ్బుల చేతుల మీదుగా మధ్యధరా తీరానికీ, అక్కడినుంచి 16వ శతాబ్దంలో పోర్చుగీసువారితో బ్రెజిల్‌కూ ఈ పుల్లటి పండ్ల కుటుంబం చేరింది. బ్రెజిల్‌లో ఎక్కువగా వాడే తాహితీ నిమ్మ ఈ మన నిమ్మకూ ఆ పెద్దనిమ్మకూ పుట్టిన బిడ్డ. తొక్క మందం, గింజలు ఉండవు. పంచదార సంగతి చెప్పనే అక్కరలేదు. సంస్కృత శర్కర పారశీకంలో షకర్ అయి, అరబ్బీలో సుక్కర్ అయి, పోర్చుగీసులో అసూకర్ అయింది. బ్రెజిల్ చెరకుతోటల్లో దాన్ని పండించినది ఆఫ్రికానుంచి బలవంతాన తెచ్చిన బానిసలు. ఆ దేశంలో బానిసత్వం రద్దయినది 1888లో. ఆ తీపి వెనుక ఇంత ఉంది.

ఇక పశువులు. 1868లో ఇంగ్లాండు వెళ్తున్న ఒక ఓడ బ్రెజిల్‌లోని సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు అందులో ఉన్న రెండు ఒంగోలు పశువులు అక్కడ అమ్ముడుపోయాయి. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడుగాని అది విడిపోలేదు. అందుకే అక్కడ ఆ జాతికి ‘నెలోరె’ అనే పేరు నిలిచింది. 1960ల మొదట్లో ఇక్కడినుంచి వెళ్లిన ఒక ఆంబోతు పేరు కరవది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరిపేరే అది. ఈనాడు బ్రెజిల్‌లో మాంసానికి పెంచే పశువుల్లో అత్యధిక భాగం నెలోరె సంతతే. పాలకు మాత్రం వారు సౌరాష్ట్రనుంచి వెళ్లిన గిర్ ఆవునూ, దానికీ హోల్‌స్టెయిన్‌కూ పుట్టిన గిరొలాందొ జాతినీ నమ్ముకున్నారు. మొత్తానికి మా అమ్మాయి గ్లాసులో కాయ, తీపి, ఆవు మూడింటికీ మనవైపు చుట్టరికం ఉంది. స్విస్‌వారిది డబ్బా. కాని ఆ డబ్బాయే లేకపోతే ఈ మూడూ ఒక గ్లాసులో కలిసేవి కావన్నది కూడా ఒప్పుకోవాలి.

ఎందుకు విరగలేదన్న ప్రశ్నకు జవాబు కూడా పంచదార దగ్గరే దొరికింది. డబ్బాపాలలో నూటికి 40 పాళ్లకు పైగా పంచదారే. నిమ్మరసం పడినప్పుడు కేసీన్ చేరువ కావడం నిజమే గాని, ఆ చిక్కటి పాకంలో అది పెద్ద తరకలుగా విడిపోలేదు. సన్నగా అల్లుకుని మీగడలా చిక్కబడుతుంది. అమెరికాలో ఫ్లోరిడావారు నిమ్మరసం, డబ్బాపాలు, గుడ్డు సొన కలిపి చేసే నిమ్మ పై కూడా ఇలాగే నిలబడుతుంది. పాలతో పులుపు పండ్లు కూడదని చరకసంహిత కూడా చెప్పింది. మా ఆవిడ పక్షాన అంత పెద్ద సాక్ష్యం ఉన్నందువల్ల నేను ఆ మాట ఇంట్లో ఎత్తను.

చేసే విధానం ఇది. నలుగురికి నాలుగు మధ్యరకం నిమ్మకాయలు. మనకాయ తొక్క పలచనే గాని గింజలు ఎక్కువ, గింజ నలిగితే చేదు. కాబట్టి బాగా కడిగి, రెండు కాయలను రసం పిండుకుని, మిగిలిన రెండింటిని నాలుగు చెక్కలు చేసి నడిమి తెల్లటి ఈనె, గింజలు తీసేయాలి. ఆ చెక్కలను మూడు గ్లాసుల చల్లటి నీళ్లతో మిక్సీలో వేసి ఆపి ఆపి అయిదారుసార్లు మాత్రమే తిప్పాలి. మెత్తగా రుబ్బకూడదు. వెంటనే వడకట్టి, రసం పోసి, ఎనిమిది పెద్ద చెంచాల డబ్బాపాలు, మంచుముక్కలు కలిపి అప్పటికప్పుడు తాగాలి.

అప్పటికప్పుడు అన్న మాట ఊరికే అనలేదు. పందెం ఓడిన ఉత్సాహంలో మరుసటి ఆదివారం మన మిత్రులు పదిమందిని సాయంత్రం నాలుగింటికి పిలిచాను. ఉదయం తొమ్మిదింటికే పెద్ద జగ్గుతో చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. రుచి చూశాను, అమృతం. నాలుగింటికి గ్లాసుల్లో పోసి ఇస్తే మొదటి గుక్కకే అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ట్రెజరీలో పనిచేసిన మిత్రుడొకరు, “కాకరకాయ రసం షుగరుకు మంచిదంటారు, పైగా పాలు కూడా పోశారు” అని మర్యాదగా అన్నారు. నిమ్మజాతి కాయల తెల్లటి పొరలోనూ గింజలలోనూ చేదులేని ఒక పదార్థం ఉంటుంది. కాయను తిప్పగానే అది పుల్లటి రసంలో కలిసి, గంటలు గడిచేకొద్దీ లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. ఆ ఆదివారం నా జగ్గు కూడా బయలుదేరినప్పుడు బాగానే ఉంది. దోవలో చెడింది. ఆ రాత్రి 1979 నాటి పెద్దావిడ మళ్లీ గుర్తుకు వచ్చింది.

మనలో చాలామందికి షుగరు ఉంది, నాకూ ఉంది. పైన చెప్పిన కొలత ప్రకారం గ్లాసుకు రెండు పెద్ద చెంచాల డబ్బాపాలు పడతాయి. అంటే నాలుగు చిన్న చెంచాల పంచదారకు తక్కువ కాదు. అందువల్ల మా ఇంట్లో నా వాటా చిన్న కాఫీ గ్లాసులో సగం, అదీ మనవలు వచ్చినప్పుడు. నా అసలు పానీయం మా అమ్మ చేసిన నీరు మజ్జిగే. పలచగా చిలికిన చల్లలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు, నలిపిన లేత నిమ్మాకులు వేసి కాసేపు మూతపెట్టి, ఆకులు తీసేసి తాగడం. నిమ్మ వాసనంతా ఆకులోనుంచి వస్తుంది, పంచదార అక్కరలేదు. అయినా ఆలోచిస్తే మజ్జిగ కూడా పులిసి విరిగిన పాలే గదా! మన పెద్దలు పాలూ పులుపూ కూడవన్నారు గాని, పులుపు తనంతట తాను పుట్టేదాకా ఆగి తోడుపెట్టుకుని తాగారు. ఈ మాట మాత్రం మా ఆవిడతో అన్నాను. “అది పెరుగండీ” అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

వచ్చే నెల సంఘం సమావేశానికి రెండూ తెస్తానని కార్యదర్శిగారికి మాట ఇచ్చాను. మజ్జిగ ఇంటినుంచి క్యానులో వస్తుంది. నిమ్మకాయలూ డబ్బా మాత్రం సంచిలో తెచ్చి, మీ అందరి ఎదుట అక్కడే కోస్తాను. మిక్సీ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు పాయింటు చూసి ఉంచమని మనవి.