షోలాపూర్ సాలెల తెలుగు: యాసా, భాషా?

అరబ్బీలో 'లుగత్' అంటే భాష. ఉర్దూలో ఆ మాటే నిఘంటువయింది. ఇండొనేషియా చేరి 'లోగాత్'గా, యాసగా మారింది. షోలాపూర్ నేతపేటల తెలుగుకూ ఇలాంటి గతే పట్టింది.

1877లో అక్కడ నూలుమిల్లు వెలసింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణ నుంచి పద్మశాలీలు బొంబాయి రాజధానిలోని ఆ ఊరికి మగ్గం పనికీ, మిల్లు పనికీ వలసవెళ్లారు. 1960లో ఊరు మహారాష్ట్రకు చెందింది. కచేరీ భాష మరాఠీ. మరాఠీవారి 'మాగ్', కన్నడిగుల 'మగ్గ', మన 'మగ్గం' ఇరుగుపొరుగు మాటలే కదా! అయినా అక్కడి తెలుగును 'మరాఠీ యాస' అని నవ్వి తోసేసేవారున్నారు. ఇది మాకు సమ్మతం కాదు. తరాలనాటి తెలంగాణ పలుకుబడి వలసవెళ్లినవారి ఇళ్లలోనూ వెదకదగినదే. పడుగు, పేక, నాడె, కండె: వీటిని మీ ఇంటి పెద్దలు ఏమంటారో, ఎలా పలుకుతారో అడిగి రాసిపెట్టండి.