సంఘోద్దేశములు, ఫలసిద్ధి: ఆంధ్రజన సంఘ చరిత్రము

సంఘమును స్థాపించుటకు ఉత్సాహము చాలును; దానిని నిలుపుటకు స్పష్టమైన ఉద్దేశము కావలయును. ఏటేట మహాసభలు జరుపుకొను కులసంఘములు "విద్యాభివృద్ధి", "సంఘోన్నతి" యను మాటలను నియమావళియందు వ్రాసికొనుచునే యున్నవి. అయినను ఆ యున్నతి యెట్టిదో, అది కలిగినదని దేనిని జూచి చెప్పవలయునో ముందుగా నిర్ణయించుకొనునవి కొలదిగనే కలవు. ఈ విషయమున హైదరాబాదు ఆంధ్రజన సంఘ చరిత్రము మన కెంతయు నుపకరింపగలదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు కార్వే పండితుని యధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగెను. ఇతర భాషలయం దుపన్యాసములు సాగిన యా సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడ మొదలిడగా కొంద ఱల్లరిచేసి యవమానించిరి. వెంటనే టేకుమాల రంగారావుగారి యింట 11 మంది తెలుగువారు కూడి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమైరి.

అవమానమువలన బుట్టిన సంఘము ఆగ్రహమును ప్రకటించు తీర్మానములతో దృప్తిపడి యుండవచ్చును. వా రట్లు చేయలేదు. 1922లో ఉద్దేశములను నిర్ణయించుకొనునప్పుడు గ్రంథాలయములను, పఠనమందిరములను, పాఠశాలలను స్థాపించుట, విద్యార్థులకు సాయపడుట, తాళపత్ర గ్రంథములను శాసనములను సేకరించి పరిశోధించుట, చిన్న పుస్తకములు ప్రకటించుట మున్నగువానిని పేర్కొనిరి. ఇవి కంటికి గనబడునవి. అయినవో కాలేదో సామాన్యుడును జెప్పదగినవి.

ఫలములును అట్లే కనబడినవి. తెలంగాణపు గ్రామములందును పట్టణములందును గ్రంథాలయములు వెలసినవి. 1923లో స్వర్గస్థులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో "తెలంగాణా శాసనములు" ప్రకటించెను. ఉర్దూ రాజభాషగా నున్న యా రాజ్యమున 1928లో హనుమంతరావుగారు మొదలగువారి కృషిచే తెలుగున బోధించు బాలికా పాఠశాల నగరమున నేర్పడెను. ఏ కార్వేగారి సభలో తెలుగు మాట కవమానము కలిగెనో, ఆయన స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమే పిమ్మట నా పాఠశాలకు బరీక్షల యాధారమయ్యెను.

అయితే మఱియొక సంగతి మఱువరాదు. చేయు పని వేఱు, కలుగవలసిన ఫలము వేఱు. వెట్టిచాకిరిని గూర్చి సంఘమువారు పుస్తకములు ప్రకటించి, దానిని నిషేధించు ప్రభుత్వాజ్ఞలను జనులకు దెలియజేసిరి. అది గొప్ప పనియే. కాని పుస్తకము అచ్చగుట ఫలము గాదు. చాకలిని, కుమ్మరిని, మాలమాదిగలను కూలి లేక పనికి బిలువకుండుటయే ఫలము. ఆ ఫలము 1940 దశకము నాటికిని పల్లెలలో గానరాలేదు.

ఈ ప్రయత్నమే 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ రూపము దాల్చెను. ఫలమేమో, దానికి మార్గమేమో యను ప్రశ్నలు సభ్యుల నడుమ నానాటికి బెరిగెను. సంస్కరణములు చాలునని కొందఱు, రైతుకూలీల పోరాటము వలయునని కొందఱు తలచిరి. 1944లో రావి నారాయణరెడ్డిగా రధ్యక్షులైన భువనగిరి సభతో చీలిక ప్రత్యక్షమయ్యెను. ఉద్దేశమునం దేకాభిప్రాయము లేనిచోట నొక్క పేరు సంఘమును గలిపి యుంచజాలదు.

ఈ చరిత్రము మన సభలకు జెప్పున దేమి? వసతిగృహమునకు గదులు కట్టించుట పని. అందు జేరిన బీద బాలుడు చదువు ముగించి బయటికి వచ్చుట ఫలము. విరాళములు వసూలగుట పని. ఆడపిల్లల చదువు నడుమ నాగకుండుట ఫలము. కావున బ్రతి తీర్మానము క్రింద నిది యెవరు చేయుదురు, ఎప్పటికి జేయుదురు, వచ్చు మహాసభనాటికి దేనిని జూచి నెరవేరినదందుము అను మూడు మాటలు వ్రాయబడవలెను. అట్లు వ్రాసికొన్న తీర్మానములు పదింటికి బదులు రెండే యైనను మేలు. అప్పుడు కార్యదర్శి నివేదికయందు సభల లెక్కలకంటె సాధించిన ఫలముల లెక్కలు ముందు నిలుచును. పెద్దలు, యువకులు ఈ మహాసభయం దీ విషయము నాలోచింతురు గాక.