బక్షీసు పుట్టుపూర్వోత్తరాలు

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఫరవాలేదని మన పెద్దల మాట. పెళ్లి పందిట్లో వడ్డించేవాడు మనవాడు కావడానికి చుట్టరికం చాలును. హోటల్లో చుట్టరికం ఉండదు. అక్కడ వడ్డించేవాణ్ని మనవాణ్ని చేసుకోవడానికి లోకం కనిపెట్టిన సాధనమే బక్షీసు. ఈ మాట పారశీకం నుంచి, ఇనాము అన్న మాట అరబ్బీ నుంచి మనకు వచ్చాయి. టిప్పు ఇంగ్లీషువారిది. పేరు ఏదైనా వస్తువు ఒక్కటే: తిన్నదానికి వెల చెల్లించిన తరువాత, వడ్డించినవాడి చేతిలో పెట్టే చిల్లర. ఇచ్చేవాడి ఔదార్యంగా మొదలైన ఈ చిల్లర, యజమాని జమాఖర్చుల పుస్తకంలోకి ఎట్లా చేరిందన్నది తెలుసుకోదగిన కథ.

మన దేశంలో బాటసారికి కూడు అమ్మడం కొత్త కాదు. క్రీడాభిరామంలో ఓరుగంటి పూటకూటి ఇంటి ప్రసక్తి ఉంది. కన్యాశుల్కంలోని పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. పూటకూళ్ల ఇంట్లో సాధారణంగా వండేదీ, వడ్డించేదీ, డబ్బు తీసుకునేదీ ఒక్క మనిషే. కూటికి వెల ఇస్తే లెక్క తీరిపోయినట్లే. వడ్డించే చెయ్యి ఒకరిది, డబ్బు పుచ్చుకునే చెయ్యి మరొకరిది అయినప్పుడే బక్షీసు సమస్య పుట్టింది.

ఇంగ్లండులో 18వ శతాబ్దం నాటికి ఈ ఆచారం ముదిరి పాకాన పడింది. గొప్పవారి ఇళ్లకు విందుకు వెళ్లిన అతిథి తిరిగి వచ్చేటప్పుడు వాకిట వరుసగా నిలబడిన నౌకర్లందరికీ డబ్బు ఇచ్చుకోవలసి వచ్చేది. దీనిని వెయిల్స్ అనేవారు. విందు ఉచితమే గాని వీడ్కోలు ఖరీదైనదన్నమాట! 1760 ప్రాంతాల్లో దీనిని మాన్పించాలని పెద్దలు పూనుకుంటే లండనులో నౌకర్లు అల్లరి చేశారు. వారి దృష్టిలో అది దయాధర్మం కాదు, తమకు రావలసిన రాబడి.

ఐరోపా యాత్రలు చేసి వచ్చిన ధనికులు ఈ అలవాటును అమెరికాకు తెచ్చారు. 1865లో అక్కడ బానిసత్వం రద్దయింది. విడుదలైన నల్లజాతివారికి భూమి లేదు, బడి లేదు, చేతిలో పెట్టుబడి లేదు. హోటళ్లలో, రైళ్లలో సేవ చేసే పనులు మాత్రం దొరికాయి. జీతం స్వల్పంగా ఇచ్చి, మిగిలినది ప్రయాణికుల వద్ద సంపాదించుకొమ్మనే పద్ధతి అప్పుడే బలంగా వేళ్లూనింది.

రైల్వే ఉద్యోగిని గనుక ఈ కథలో పుల్మన్ కంపెనీ ఘట్టం నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. 1867లో స్థాపితమైన ఈ కంపెనీ శయన బండ్లను నడిపేది. పక్కలు వేయడానికి, బూట్లు తుడవడానికి నల్లజాతివారినే పోర్టర్లుగా నియమించింది. కంపెనీ యజమాని పేరు జార్జి పుల్మన్ గనుక ప్రయాణికులు ప్రతి పోర్టరునూ జార్జి అనే పిలిచేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కూడా ఆ బండిలో చెల్లలేదు. 1915లో ప్రభుత్వ కమిషను విచారించినప్పుడు పోర్టరు కనీస జీతం నెలకు 27 డాలర్ల 50 సెంట్లని తేలింది. మిగతాదంతా బక్షీసే. విశేషమేమంటే, 1897 నుంచి 1911 వరకు ఆ కంపెనీకి అధ్యక్షుడు బానిస విమోచకుడైన అబ్రహాం లింకను కుమారుడు రాబర్టు లింకను!

1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. జీతం పెరిగింది, నెలకు పనిగంటలు 240కి తగ్గాయి. వారు అడిగింది ఎక్కువ బక్షీసు కాదు, జీతం.

హోటలు సర్వర్లకు మాత్రం అంత అదృష్టం పట్టలేదు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం బక్షీసును నిషేధిస్తూ చట్టం చేసింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. కాని 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయిపోయాయి. 1938లో కనీస వేతన చట్టం వచ్చింది గాని హోటలు పనివారు దాని పరిధిలోకి రాలేదు. 1966లో వారిని చేర్చారు. చేరుస్తూనే ఒక మెలిక పెట్టారు: సర్వరుకు వచ్చే బక్షీసును యజమాని తాను ఇవ్వవలసిన జీతంలో కొంతకు జమకట్టుకోవచ్చు! ఆ మెలిక ఫలితంగా బక్షీసు పుచ్చుకునేవారికి యజమాని ఇవ్వవలసిన కనీస జీతం గంటకు 2 డాలర్ల 13 సెంట్లు. 1991లో ఏర్పడిన ఈ అంకె నేటికీ మారలేదు. తక్కినవారికి 2009 నుంచి 7 డాలర్ల 25 సెంట్లు. రెండూ కలిసినా అంత రాకపోతే యజమాని పూడ్చాలని నియమం ఉంది. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఈ మెలికను ఒప్పుకోక పూర్తి వేతనమే ఇప్పిస్తున్నాయి.

మన దేశంలో 1948 నాటి కనీస వేతనాల చట్టం బక్షీసును జీతంలో జమకట్టే పద్ధతి పెట్టలేదు. 2025 నవంబరులో దాని స్థానాన వేతనాల కోడ్ అమలులోకి వచ్చింది. ఇక్కడి తగాదా మరొక రూపంలో, అంటే బిల్లులో కలిపే సర్వీసు చార్జీగా వచ్చింది. అడగకుండా దానిని కలపరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. అది సిబ్బందికే పోతుందని యజమానుల సంఘాలు వాదించాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది. సిబ్బంది పొట్ట నింపవలసిన బాధ్యత ఎవరిది అన్న పాత ప్రశ్నే ఇక్కడా ఉంది.

ఈ ప్రశ్నకు ఒక జవాబు మనముంటున్న బెంగుళూరులోనే దొరికింది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేయగా, ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో పనివారే సహకార సంఘంగా ఏర్పడి 1957 ఆగస్టులో తొలి సంఘాన్ని ఇక్కడ స్థాపించారు. అదే ఏట ఢిల్లీలోనూ సంఘం వెలసింది. తలపాగా కట్టి కాఫీ తెచ్చి ఇచ్చే మనిషే సంస్థకు భాగస్వామి. పూటకూళ్లమ్మ కాలంలో వలెనే వడ్డించే చెయ్యీ, డబ్బు పుచ్చుకునే చెయ్యీ మళ్లీ ఒకటైనాయి.

బక్షీసే మేలనే సర్వర్లూ లేకపోలేదు. పెద్ద హోటల్లో జీతాన్ని మించి వస్తుంది. కాని అది రద్దీని బట్టి, గిరాకీ మనస్సును బట్టి మారుతుంది. అదీగాక వెనుక గిన్నెలు కడిగే కుర్రవాడిదాకా చాలాచోట్ల చేరనే చేరదు. ఊరుగాని ఊరు వచ్చి హోటల్లో పని మొదలుపెట్టిన మనవారు ఎందరో ఉన్నారు. వారి పిల్లల బడి ఫీజు మన చిల్లర మీద ఆధారపడరాదు.

బక్షీసు ఇవ్వవద్దని నేననను. సంతోషం కలిగితే ఇవ్వవలసిందే. అయితే అది విస్తరిలో చివర వేసే మిఠాయి వంటిది. అన్నం పెట్టవలసినవాడు అన్నం పెట్టిన తరువాతనే దానికి అందం. జీతానికి పైన ఉంటే అది గౌరవం, జీతానికి బదులైతే అది యాచన. ఈ ఉగాదినుంచి మనం హోటలుకు వెళ్లినప్పుడు చిల్లరతో పాటు “నీ పేరేమిటి నాయనా?” అని కూడా అడుగుదాం. పుల్మన్ బండిలో పోర్టర్లకు దక్కనిది ఆ మాటే.