వాల్తేరు మెట్ట మీద నూరేళ్లు

విశాఖపట్నం చరిత్ర చెప్పమంటే చాలామంది హార్బరుతో మొదలుపెడతారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడలకు దారి తవ్వి, 1933లో హార్బరు తెరిచాకే ఊరి జాతకం మారిందంటారు. అబద్ధమేమీ కాదు. కానీ అంతకు మూడేళ్ల ముందే, 1930లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ వదిలి వాల్తేరు మెట్ట ఎక్కింది. హార్బరు వల్ల ఊరికి జీతాలొచ్చాయి. యూనివర్సిటీ వల్ల వచ్చినవాటికి లెక్క రాసినవాళ్లు తక్కువ.

ఈ చదువు ఊరు అడిగి తెచ్చుకున్నది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం నీడలో తెలుగు జిల్లాల కాలేజీలు ఎదగడం లేదని ఆంధ్రోద్యమం పోరగా పోరగా, 1926లో చట్టమైంది. ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయం పుట్టింది. అది ఎక్కడుండాలన్న తగాదా కూడా దానితోపాటే పుట్టింది. బెజవాడా, రాజమండ్రా, అనంతపురమా, వాల్తేరా? మొదటి నాలుగేళ్లు బెజవాడలో గడిపి చివరికి సముద్రపు ఒడ్డుకు చేరింది. ఈలోగా రాయలసీమ జిల్లాలు అలిగి మళ్లీ మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్లిపోయాయి. ఆ అలక చిన్నదేమీ కాదు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు ‘శ్రీబాగ్’లో కోస్తా, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నప్పుడు, వాల్తేరుతోపాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని అందులో రాయక తప్పలేదు. సీమకు సొంత విశ్వవిద్యాలయం 1954లో తిరుపతిలో వచ్చింది.

మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. కవి, విమర్శకుడు, ‘కవిత్వతత్త్వ విచారము’ రాసి పండితులతో చీవాట్లు తిన్నవాడు. చిత్తూరు జిల్లా మనిషి వచ్చి ఉత్తరాంధ్ర కొండ మీద విశ్వవిద్యాలయం నిలబెట్టడం, అదే సమయంలో ఆయన సొంత జిల్లా దానికి దూరం జరగడం ఒక విడ్డూరం. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా ఆయన పదవి వదులుకున్నారు. ఆ కుర్చీలోకి 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. 1936లో ఆయన వెళ్లాక రెడ్డిగారే తిరిగొచ్చి 1949 దాకా ఉన్నారు.

రాధాకృష్ణన్ ఉన్నది అయిదేళ్లే గానీ, మనుషుల్ని ఏరుకోవడంలో ఆయన చెయ్యి మంచిది. కలకత్తా వైపు నుంచి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి కుర్ర అధ్యాపకులు వచ్చారు. అర్థశాస్త్రానికి వి.కె.ఆర్.వి.రావు వచ్చారు. 1933 డిసెంబరులో రవీంద్రనాథ ఠాగూర్ వచ్చి ‘మనిషి’ అన్న విషయం మీద ఉపన్యాసాలిచ్చారు. పట్టణంలో కరెంటు దీపమే ఒక వింతగా ఉన్న రోజులవి.

అలాగని ఊళ్లో అంతకుముందు చదువు లేదనుకుంటే పొరపాటు. పాత ఊళ్లోని మిసెస్ ఏవీఎన్ కాలేజీ 19వ శతాబ్దం నుంచీ ఉంది. సి.వి.రామన్ తండ్రి అక్కడ పాఠాలు చెప్పారు, రామన్ బాల్యం ఇక్కడే గడిచింది. యూనివర్సిటీ ఆ పునాది మీద లేచిన మేడ.

మేడకు డబ్బు కావాలి కదా. జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తానని ముందుకొచ్చారు. సైన్స్, టెక్నాలజీ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. బీచ్ రోడ్డులో ఇప్పటికీ నిలిచివున్న హవామహల్ ఆ సంస్థానం వాళ్లదే. ఒరియాలోనూ తెలుగులోనూ కవిత్వం చెప్పిన ఈ రాజుగారి సంస్థానం 1936లో ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది. అయినా ఆయన దానం సరిహద్దు దాటి వాల్తేరుకు వస్తూనే ఉండేది. బరంపురం, పర్లాకిమిడి కాలేజీలు కూడా 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం పుట్టేదాకా ఇక్కడి పరీక్షలే రాశాయి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. క్యాంపస్ మిలిటరీ చేతికి పోయింది, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది. యుద్ధం ముగిశాక గానీ ఇల్లు చేరలేదు.

తొలి తరం సైన్సు ఆచార్యుల పేర్లు వింటే ఇప్పటికీ ఆశ్చర్యం కలుగుతుంది. రామన్ శిష్యుడు సూరి భగవంతం ఇరవై మూడేళ్ల వయసుకే ఇక్కడ భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చారు. రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, స్పెక్ట్రోస్కోపీలో కొచ్చెర్లకోట రంగధామరావు. వీళ్లందరి కంటే చిత్రమైన మనిషి స్వామి జ్ఞానానంద. గోదావరి జిల్లా గొరగనమూడిలో భూపతిరాజు వారింట పుట్టి, సన్యాసం పుచ్చుకుని, హిమాలయాల్లో యోగం చేసి, ఆ తర్వాత యూరప్ వెళ్లి అణుభౌతికం చదివారు. న్యూట్రాన్ కనిపెట్టిన చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పనిచేశారు. కాషాయం కట్టుకునే ఇక్కడ అణుభౌతికశాస్త్ర శాఖను స్థాపించారు. చాలా ఏళ్ల తర్వాత అదే సబ్జెక్టులో ఎమ్మెస్సీ చేసిన త్రివిక్రమ్ శ్రీనివాస్ సినిమాల్లో మాటలు రాయడానికి వెళ్లిపోయారు. ఆ శాఖకు సన్యాసులూ రచయితలూ ఇద్దరూ కొత్త కాదన్నమాట.

చేజారిన మనిషి కథ ఒకటి ఉంది. సి.ఆర్.రావు 1940లో ఇక్కడ గణితం ఎమ్మే ఫస్టున పాసయ్యారు. రీసెర్చ్ స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు పెడితే గడువు దాటి అందిందని తిరగ్గొట్టారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన కుర్రాడు అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, సంఖ్యాశాస్త్రంలో ప్రపంచం తలుచుకునే పేరయ్యారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. గడువు తేదీలను ప్రాణంలా చూసుకునే గుమస్తాలకు ఈ కథ అప్పుడప్పుడూ చెప్పాలి.

ఇక సముద్రం సంగతి. మెట్ట మీంచి చూస్తే ఎదురుగా బంగాళాఖాతమే. కానీ దాన్ని శాస్త్రంగా చదవడం మొదలుపెట్టడానికి విశ్వవిద్యాలయానికి ఇరవయ్యేళ్లకు పైగా పట్టింది. భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహదేవన్ చొరవతో 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చారు. విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు. నౌకాదళం ఓడలు అడిగి తెచ్చుకున్నారు. విద్యార్థులు వాంతులు చేసుకుంటూనే ఓడ పక్కనుంచి పరికరాలు దించి, ఏ లోతులో నీరు ఎంత వేడిగా ఉందో, ఎంత ఉప్పగా ఉందో కొలిచారు. జాలర్లకు తరతరాలుగా తెలిసిన ఒక విషయానికి అప్పుడు కారణం దొరికింది. ఎండాకాలం మొదట్లో తీరం వెంబడి నైరుతి గాలి తిరుగుతుంది. అది పైనున్న వెచ్చని నీటిని ఒడ్డునుంచి లోపలికి నెడుతుంది. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు పైకొస్తుంది. దానితోపాటు సూక్ష్మజీవులకు తిండీ వస్తుంది, వాటి కోసం చేపలూ వస్తాయి. ఏ వారం వల ఎక్కడ వెయ్యాలో పెద్దజాలారిపేట మనిషికి తెలుసు. ఎందుకో మాత్రం క్యాంపస్‌లో తేలింది. తర్వాతి సర్వేల్లో తూర్పు తీరం దగ్గర సముద్రగర్భంలో కొన్ని లోయలు బయటపడ్డాయి. వాటికి లాఫాండ్ ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అని పేర్లు పెట్టారు. విశాఖలో మహదేవన్ పేరు ఎంతమంది తలుస్తున్నారో గానీ, సముద్రం అడుగున మాత్రం అది పదిలంగా ఉంది.

ఊరికి నాటకం రుచి పెట్టింది కూడా యూనివర్సిటీయే. రిజిస్ట్రారుగా పనిచేసిన కూర్మా వేణుగోపాలస్వామికి ఫైళ్లకంటే రంగస్థలమంటే మక్కువ. ఎక్స్‌పెరిమెంటల్ థియేటర్ నడిపారు, కాలేజీల మధ్య నాటక పోటీలు పెట్టించారు, ఆరుబయట రంగస్థలంలో కుర్రాళ్లకు నడక దగ్గర్నుంచి నేర్పించారు. యూనివర్సిటీలో స్టెనోగా పనిచేస్తూ ఆ నాటకాల్లో వేషాలు వేసిన రంగారావే తర్వాత సినిమాల్లో ‘సాక్షి’ రంగారావు అయ్యారు. రిజిస్ట్రారు స్టెనోకి వేషం ఇచ్చి డైలాగు దిద్దడం ఇప్పటి ఏ ఆఫీసులో చూస్తాం?

భాష విషయంలో మాత్రం విశ్వవిద్యాలయం తొందరపడలేదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తికి 1938లో ‘కళాప్రపూర్ణ’ బిరుదిచ్చి గౌరవించింది. రెండేళ్లకే ఆయన పోయారు. బిరుదు ఇచ్చినంత తేలిగ్గా ఆయన మాటను పాఠ్యపుస్తకాల్లోకి రానివ్వలేదు. తెలుగు ఆనర్స్ ఇక్కడే చదివిన భద్రిరాజు కృష్ణమూర్తి తరవాతి రోజుల్లో మాండలిక వృత్తి పదకోశాలతో ఆ బాకీ కొంత తీర్చారు.

విద్యార్థులు ఊరిని కుదిపిన ఏళ్లు మూడు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యమం. నవంబరు 1న కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ ఊరేగింపుల్లో ముందు వరస విద్యార్థులదే. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తికి రాష్ట్రం నలుమూలల నుంచి రచయితలు విశాఖకు వస్తే, ‘విశాఖ విద్యార్థులు’ అన్న సంతకంతో ఒక కరపత్రం వాళ్ల చేతుల్లో పడింది. శ్రీకాకుళం నక్సలైటు పోరాటంలో మనుషులు చస్తుంటే మీరు ఎవరి పక్షమని అది నిలదీసింది. ఆ ఏడాది జులైలోనే హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. సన్మాన సభకు వచ్చినవాళ్లలో చాలామంది సన్మానం మరిచిపోయారు, కరపత్రం మరవలేదు. 1972లో ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. తరగతులు మూతపడ్డాయి. నెల్లూరు నుంచి లా చదవడానికి వచ్చిన వెంకయ్యనాయుడు ఆ వేడిలోంచే విద్యార్థి సంఘం అధ్యక్షుడై, చివరికి ఉపరాష్ట్రపతి దాకా వెళ్లారు.

ఇప్పటి క్యాంపస్‌లో ఆ కాక లేదు. ఔట్ గేటు దగ్గర టీ బడ్డీల ముందు వినపడేది గ్రూప్స్ నోటిఫికేషన్ల ముచ్చట, మెస్ బిల్లు గొడవ. లైబ్రరీలో పొద్దున్నే చోటు పట్టుకునేవాళ్లలో చాలామంది ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాళ్లే. శ్రీకాకుళం, పార్వతీపురం, పాడేరు పల్లెల నుంచి ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటినవాళ్లు వాళ్లు. పక్కనే ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఆటోవాళ్లతో తెలుగులో బేరమాడుతుంటారు. సాయంత్రమైతే అందరూ బీచ్ రోడ్డుకు దిగి మురీ మిక్చర్ పొట్లం చుట్టూ చేరతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను క్యాంపస్‌లోని పెద్ద చెట్లను వేళ్లతో సహా పీకేసింది. పాత విద్యార్థులు వచ్చి తాము కూర్చున్న చెట్టు కోసం వెతుక్కుంటే మొక్కలు కనిపిస్తాయి.

ఒకప్పుడు గంజాం నుంచి గుంటూరు దాటి విస్తరించిన పరిధి ఇప్పుడు బాగా కుంచించుకుపోయింది. గుంటూరు పీజీ సెంటరు 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2006లో గోదావరి జిల్లాలకు నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో శ్రీకాకుళానికి ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. పిల్లలు వేరు కాపురాలు పెట్టుకోవడం మంచిదే. ఇంట్లో మనుషులు తగ్గిపోవడమే మంచిది కాదు. 2023లో నాక్ ఎ డబుల్ ప్లస్ గ్రేడు ఇచ్చింది. అదే క్యాంపస్‌లో రిటైరైన ఆచార్యుల స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, కాంట్రాక్టు అధ్యాపకులు పాఠాలు నెట్టుకొస్తున్నారు. భగవంతం లాంటి ఇరవై మూడేళ్ల కుర్రాణ్ణి నమ్మి తీసుకున్న ధైర్యం ఇప్పుడు కావాలి.

1926 ఏప్రిల్ 26 నుంచి లెక్కిస్తే 2026కు నూరేళ్లు. పండగలకు తోరణాలు కట్టేవాళ్లు కట్టుకుంటారు. విశాఖలోనూ బయటా పాత విద్యార్థుల ఇళ్లల్లో నాటకాల ఫొటోలు, హాస్టల్ మ్యాగజైన్లు, 66 నాటి కరపత్రాలు, ఓడల మీద రాసుకున్న నోటు పుస్తకాలు అటకల మీద చెదలు పడుతున్నాయి. వాటిని పాత పేపర్లవాడికి వెయ్యకుండా యూనివర్సిటీ లైబ్రరీకి చేర్చండి. లైబ్రరీవాళ్లు వాటికి ఒక గదీ, ఒక మనిషినీ కేటాయించాలి.