క్యాసెట్ నుంచి డిస్కుకు: హోమ్ వీడియో మార్పిడి చరిత్ర

ఇళ్లలో, శుభకార్యాల్లో తీసిన వీడియో టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించి, కుదించి, వీసీడీ లేదా డీవీడీ ప్లేయర్‌లో ఆడే డిస్కుగా మార్చే పని 1990ల చివర్లో జనానికి అందుబాటులోకి వచ్చింది. తెలుగు ఊళ్లలో దీన్ని ‘క్యాసెట్‌ని సీడీ చేయించడం’ అనేవారు. ఇందులో రెండు దశలున్నాయి. టేపు మీది అనలాగ్ సంకేతాన్ని అంకెలుగా మార్చి హార్డ్ డిస్కులో దాచడం క్యాప్చర్. ఆ అంకెలను ప్లేయర్ చదవగలిగినంతకు కుదించడం ఎన్‌కోడింగ్.

జేవీసీ సంస్థ వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను 1976లో జపాన్‌లో విడుదల చేసింది. మన దేశంలో 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. ఆ వెనకే వీసీఆర్‌లు, పెళ్లి వీడియోలు వచ్చాయి. బీరువాలో పెళ్లి ఆల్బమ్ పక్కన పెళ్లి క్యాసెట్ చేరింది. అయితే ఆ టేపుకు ఆయుష్షు తక్కువ. తేమకు బూజు పడుతుంది, ఆడించే కొద్దీ అరుగుతుంది, కాపీకి కాపీ తీస్తే బొమ్మ మసకబారుతుంది. పైగా అప్పట్లో మనది పాల్ టీవీ పద్ధతి, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. ఇక్కడి పెళ్లి క్యాసెట్ అక్కడి మామూలు వీసీఆర్‌లో ఆడేది కాదు.

వీడియోను డిస్కులో ఇమడ్చాలంటే ముందు కుదింపు సమస్య తేలాలి. దానికి కావలసిన గణితం 1974లోనే వచ్చింది. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన కె. రామమోహన్ రావు కలిసి ఆ ఏడాది జనవరిలో డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ మీద పత్రం ప్రచురించారు. బొమ్మను 8×8 బిందువుల గళ్లుగా విడదీసి, కంటికి పెద్దగా ఆనని సూక్ష్మ వివరాలను తగ్గించడానికి ఈ గణితమే ఆధారం. ఆ తర్వాత వచ్చిన జేపెగ్, ఎంపెగ్ వీడియో ప్రమాణాలు దాని మీదే నిలబడ్డాయి. ముగ్గురు భారతీయుల పేర్లున్న ఈ పత్రం గురించి మన పాఠ్యపుస్తకాలు ఇంకా ఎక్కువ చెప్పాలి.

1988లో ఏర్పడిన ఎంపెగ్ బృందం ఈ గణితానికి మరో ఉపాయం జోడించింది. కొన్ని ఫ్రేములను మాత్రమే పూర్తిగా దాచి, మిగతావాటిలో ముందు వెనక ఫ్రేములతో వచ్చిన తేడాలను మాత్రమే రాస్తారు. ఈ ఎంపెగ్-1 ఆధారంగా ఫిలిప్స్, సోనీ, జేవీసీ, మత్సుషిత సంస్థలు 1993లో వీడియో సీడీ (వీసీడీ) ప్రమాణాన్ని తెచ్చాయి. పాల్ పద్ధతిలో బొమ్మ 352×288 బిందువులు, వీడియోకు సెకనుకు 1,150 కిలోబిట్లు, శబ్దానికి 224 కిలోబిట్లు. ఒక సీడీలో 74 నిమిషాలు పట్టేది. అదే ఏడాది చైనాలోని హెఫీ నగరంలో వాన్‌యాన్ సంస్థ వీసీడీ ప్లేయర్ తయారుచేసింది. అమెరికా, ఐరోపాల్లో అంతగా పట్టించుకోని ఈ డిస్కు, చవక కావడంతో ఆసియా అంతటా పాకింది.

పెళ్లి వీడియోకు మాత్రం ఈ ప్రమాణం చాలలేదు. అందుకు సాక్ష్యం తలంబ్రాల ఘట్టం. గాలిలో వేల బియ్యపు గింజలు, వరసగా మెరిసే ఫ్లాష్ లైట్లు, వెనక కదిలే జనం. ఏ ఫ్రేమూ ముందు ఫ్రేములా ఉండదు కనుక, రాయాల్సిన తేడాలు ఒక్కసారిగా పెరిగిపోతాయి. బిట్ల కోటా మాత్రం పెరగదు. ఫలితంగా వధూవరుల ముఖాలు గళ్లు గళ్లుగా విడిపోతాయి. పాత టేపు మీది చుక్కలతోనూ ఇదే చిక్కు. ఎన్‌కోడర్‌కు అవి చెత్త అని తెలియదు. నిజమైన వివరమనుకుని వాటికీ బిట్లు ఖర్చుపెడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు ఫిల్టర్ వేసి చుక్కలు తగ్గించాకే ఎన్‌కోడింగ్‌కు వెళ్లేవారు.

క్యాప్చర్ అంతకన్నా ఓపిక కోరే పని. పూర్తి పాల్ బొమ్మను కుదించకుండా దాస్తే గంటకు సుమారు 75 గిగాబైట్లు. అప్పటి హార్డ్ డిస్కులు ఆ వేగానికి తట్టుకోలేక ఫ్రేములు జారవిడిచేవి. క్యాప్చర్ కార్డుకు, సౌండ్ కార్డుకు వేర్వేరు గడియారాలు ఉండటంతో గంట గడిచేసరికి పెదవుల కదలిక ఒకచోట, మంత్రం మరోచోట ఉండేవి. ఫ్యాట్32 డిస్కులో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటేది కాదు. ఏవరీ లీ ఉచితంగా ఇచ్చిన వర్చువల్‌డబ్, నాణ్యత పోకుండా కుదించే హఫ్‌వైయువి కోడెక్, జపాన్‌లో హిరోయుకి హోరి రాసిన టీఎంపీజీఎన్క్ ఎన్‌కోడర్ ఈ కష్టాలను చాలావరకు తగ్గించాయి. అయినా రాత్రి ఎన్‌కోడింగ్‌కు పెట్టి పొద్దున్నే చూసుకోవడం మామూలే. 1995లో వచ్చిన డీవీ క్యాసెట్ పద్ధతిలో కెమెరాయే బొమ్మను అంకెలుగా మార్చేది. ఫైర్‌వైర్ తీగ ద్వారా గంటకు దాదాపు 13 గిగాబైట్ల చొప్పున అది ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌లోకి వచ్చేది.

చైనాలో 1998లో రూపొందిన సూపర్ వీడియో సీడీ (ఎస్‌వీసీడీ) మధ్యలో వచ్చిపోయింది. అసలు మార్పు తెచ్చింది డీవీడీ. 1996లో జపాన్ మార్కెట్లోకి వచ్చిన ఈ డిస్కులో ఒక పొరకు 4.7 గిగాబైట్లు పడతాయి. 720×576 బిందువుల బొమ్మ, ఎంపెగ్-2 కుదింపు, అవసరాన్ని బట్టి సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా పెరిగే కోటా ఉండటంతో తలంబ్రాల ఘట్టానికి చివరకు న్యాయం జరిగింది. దీంతో కొత్త పొరపాటు ఒకటి మొదలైంది. అప్పటి టీవీ బొమ్మ సరి, బేసి గీతల రెండు ఫీల్డులుగా వచ్చేది. ఎన్‌కోడర్‌లో వాటి వరస తారుమారైతే కంప్యూటర్‌లో అంతగా తెలిసేది కాదు గానీ, టీవీలో ప్రతి కదలికా ముందుకూ వెనక్కూ వణికేది.

పెన్‌డ్రైవులు, యూట్యూబ్, ఫోన్ కెమెరాలు వచ్చాక ఈ పని మూలనపడింది. ఇలా రాయించుకున్న డిస్కుల్లో సమాచారం రంగు పొర మీద ఉండేది. ఎండకు, వేడికి చాలా డిస్కులు చదవడం మానేశాయి. జపాన్‌కు చెందిన ఫునాయ్ సంస్థ 2016 జూలైలో వీసీఆర్‌ల తయారీ ఆపేసింది. కాబట్టి పాత వీసీడీ చేతిలో ఉంది కదా అని అసలు క్యాసెట్‌ను పారేయకండి. వీసీడీలో పోయిన వివరం అందులో ఇంకా ఉండవచ్చు. పనిచేసే వీసీఆర్ దొరుకుతున్నప్పుడే ఆ క్యాసెట్‌ను మళ్లీ క్యాప్చర్ చేయించి, కుదించని ఫైలును రెండు చోట్ల దాచుకోండి.